పికప్ అయిండు

ఖలీల్ చాచా పోయిన సంగతి నాకు ఒక పూట ఆలస్యంగా తెలిసింది. ఆదివారం ప్రార్థనకు కూర్చుంటూ ఫోను నోరు మూయించాను. ఇంటికొచ్చి అన్నం తిని నడుం వాల్చాను, దాని సంగతే మరిచాను. లేచి చూస్తే చాచా మనవడు ఇమ్రాన్ నుంచి వరసగా మిస్డ్ కాల్సు. సంగారెడ్డి నుంచి బస్సు పట్టుకుని మెదక్‌లో దిగేసరికి అంతా అయిపోయింది, చాచాను మట్టిలో పెట్టి మగవాళ్ళు తిరిగి వస్తున్నారు. దుకాణం ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాన్ని నా వైపు జరిపి ఇమ్రాన్ అన్నాడు, "గన్నిసార్లు చేసిన ఆంటీ, మీరు పికప్ చేస్తనే లేరు." పిల్లాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం దారి పొడుగునా చాచా కోసం రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది. పాపం ఇమ్రాన్, తానేదో తప్పు మాట అన్నాననుకుని కంగారుపడి నీళ్ళు తెప్పించాడు.

కూర్చున్న కాసేపట్లోనే ఆ పికప్ అన్న మాట ఎన్ని వేషాల్లో నా ముందు నుంచి పోయిందో చెబితే నవ్వుతారు. టమాటా డబ్బాలు నింపుకున్న పికప్ బండి ఒకటి రామాయంపేట పోయే దారికి అడ్డం ఆగింది. ఇమ్రాన్ దోస్తు ఎవరో తన మోటార్ సైకిల్‌కు పికప్ పోయిందని, మెకానిక్ మోసం చేశాడని తిట్టుకుంటున్నాడు. తెల్లగడ్డం ఆయన ఒకరు, ఇమ్రాన్ పెట్టిన మొబైల్ దుకాణం ఇప్పుడిప్పుడే పికప్ అవుతుందని, చూడడానికి తాతే లేకుండా పోయాడని నిట్టూర్చాడు. పక్కింటి ఆమె తన మనవరాలు బడిలో చేరీ చేరగానే ఇంగ్లీషు పికప్ చేసిందని ఆ చావింటి ముందు కూడా చెప్పుకోకుండా ఉండలేకపోయింది. ఏం మనుషులమ్మా! అందరూ ఆ మాటను చేతిసంచిలాగా ఊపుకుంటూ తిరుగుతున్నారు, ఎవరికీ ఏమీ కావడం లేదు. నా చిన్నప్పుడు ఈ వీధిలో ఆ మాటకు ఒకే అర్థం ఉండేది. అది చెవిన పడితే ఆడవాళ్ళు పిల్లలను లోపలికి లాక్కుని గొళ్ళెం పెట్టేవాళ్ళు.

వీధిలో ఒక్కటే అర్థం అన్నాను గానీ, మా ఇంట్లో మాత్రం చాలా ఉండేవి. మా నాన్న ఇమ్మానుయేలు సారు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. చర్చి గంట కొడితే మా పెంకుటింట్లో పళ్ళెంలో నీళ్ళు వణికేవి, అంత దగ్గర. నాన్నకు వ్యసనాలేవీ లేవు, పొడుం లేదు, బీడీ లేదు. ఆయన వ్యసనమంతా ఇంగ్లీషు క్రియల వెనక తోకల్లాగా వచ్చి చేరే చిన్న చిన్న మాటల మీద. అప్, డౌన్, ఆఫ్, అవుట్. "పెద్ద మాటలు ఎవడన్న నేర్చుకుంటడు బిడ్డా. గీ పొట్టి మాటలే మనిషిని బొక్కబోర్ల పడేస్తయి," అనేవాడు నాతో. సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతుంటే, ఆ చప్పుడుకు తగ్గట్టు తొడ మీద చెయ్యేసి కొట్టుకుంటూ ఆ రోజు క్రియ ఏదో ప్రకటించేవాడు. అంచు మాడిన రొట్టె వాసన, లాంతరు కిరసనాయిలు వాసన, నాన్న చొక్కాకు అంటిన సుద్దముక్క వాసన. ఆ మూడూ కలిస్తేనే నాకు ఇంగ్లీషు. ఆ క్రియతో ఒక వాక్యం చెప్పనిదే రెండో రొట్టె లేదు. మా అన్న సామేలు ఆకలికి ఆగలేక ముందే చెప్పేసేవాడు. నేను రొట్టె చల్లారేదాకా నసిగేదాన్ని.

పికప్ వంతు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు అమ్మ గెలిచింది. మా అమ్మ సంతోషమ్మకు బైబిలు చదివేంత తెలుగు వచ్చు, అంతకు మించి చదువు లేదు. వీధిలో అందరూ నాన్నను సారు అంటారు కాబట్టి తనూ సారు అనే పిలిచేది, కొంచెం వెక్కిరింపు కలిపి. నాన్న వరసగా చెప్పుకుపోతున్నాడు. కింద పడ్డ పెన్సిలు తీసుకోవడం పికప్. వింటూ వింటూ భాష నేర్చుకోవడం పికప్. దారిలో నిలబడ్డ మనిషిని బండి ఎక్కించుకోవడం పికప్. జబ్బుపడి లేచి తేరుకోవడం పికప్. అమ్మ పెనం మీది రొట్టె తిప్పుతూ, "ఎత్తుకొనుడుకు గదే, నేర్చుకొనుడుకు గదే, జరం తగ్గుడుకు గదేనా? గింత పేద భాషనా సారూ మీది?" అంది. అన్నకు పొలమారింది. నాన్న వదలలేదు. "నీ పాత చీరె లేదా? కట్టుకుంటవు, సలి పెడితె కప్పుకుంటవు, గీ రూతుకు ఉయ్యాల కట్టినవు. ఒక్క చీరెనే గద. నువ్వు పేదదానివైనవా?" అన్నాడు నన్ను చూపిస్తూ. "కానా మరి? రెండో చీరె ఉంటె గా పాతదానితోని ఎందుకు తిప్పలు?" అంది అమ్మ. నాన్న రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత అన్న హైదరాబాదులో కాలేజీ హాస్టలుకు పోయాడు. చర్చిలో కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తి చూసే గొంతు వాడిది. సెలవులకు వచ్చినప్పుడు అదే గొంతుతో వేరే పాటలు పాడడం మొదలుపెట్టాడు. కూలీల పాటలు, భూముల పాటలు. గడ్డం పెంచాడు. సంచిలో బట్టల కంటే పుస్తకాలు ఎక్కువ ఉండేవి. అమ్మ వాడి చొక్కాలు ఉతికే ముందు జేబులన్నీ తిరగేసి, ఏ కాగితం దొరికినా చదవకుండానే పొయ్యిలో పెట్టేది. అప్పటికి మా ఊళ్ళో కూడా అలాంటి పాటలు పాడే పిల్లల్ని తీసుకుపోవడం మొదలైంది. బస్టాండు హోటల్లో చాయ తాగుతున్న ఒకణ్ణి, పెళ్ళి పందిట్లో వడ్డిస్తున్న ఇంకొకణ్ణి. పోలీసులు అనడానికి జనానికి నోరు రాలేదు. ఎక్కణ్ణించి వచ్చి పడిందో ఈ ఇంగ్లీషు మాట, అందరూ దాని చాటున దాక్కున్నారు. "ఫలానోళ్ళ పిలగాడు పికప్ అయిండంట," అని చెవిలో చెప్పుకునేవాళ్ళు. మా అమ్మకు ఆ మాట కూడా నోట పలికేది కాదు, పోలీసులను 'ఆళ్ళు' అనేది. నాన్న సాయంత్రం పాఠాలు సాగుతూనే ఉన్నాయి గానీ, ఆ ఒక్క క్రియ మాత్రం మళ్ళీ మా రొట్టెల దగ్గరికి రాలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున సంగతి ఇది. అమ్మ పెరట్లో కాగు కింద మంట పెడుతోంది. నాన్న కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు, సగం ముఖం అయింది, సగం నురుగు. ఖలీల్ చాచాకు అప్పట్లో చౌరస్తా దగ్గర ఇనుప సామాన్ల దుకాణం, మా పక్కన రెండు వీధుల్లో కలిపి ఫోను ఉన్నది ఆయన దగ్గరే. అందుకే హాస్టలు వాళ్ళకు నాన్న ఆ నంబరే ఇచ్చి ఉంచాడు. చాచా భారీ మనిషి, నడిస్తేనే ఆయాసపడేవాడు. అలాంటి మనిషి నెత్తిన టోపీ లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చి పీట లాక్కునేవాడు, ఆ రోజు గడప అవతలే నిలబడ్డాడు.

"మాస్టర్ సాబ్, హైదరాబాద్ కెల్లి ఫోనొచ్చింది. హాస్టల్ వార్డెన్ సాబ్ మాట్లాడిండు. సామేల్... సామేల్ పికప్ అయిండంట."

పెరట్లోంచి అమ్మ "యేసయ్యా!" అన్న కేక వినిపించింది. చేతిలోని కట్టెతోనే ఇంట్లోకి వచ్చింది, అది పొగలు కక్కుతోంది. అక్కడే చతికిలబడింది. నేను కట్టె తీసుకుని బయట పడేశాను. నాన్న కత్తి పక్కన పెట్టి, చాచా రెండు భుజాలు పట్టుకుని, బళ్ళో మొద్దు పిల్లాణ్ణి అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

"ఖలీల్, ఆయన ఇంగ్లీషుల మాట్లాడిండా?"

"ఆయన మలయాళీ గద, తెలుగు రాదు. ఇంగ్లీషుల్నే."

"అన్న మాట అన్నట్టు చెప్పు. హ్యాజ్ అన్నడా? హ్యాజ్ బీన్ అన్నడా?"

అమ్మ నేల మీద నుంచే అరిచింది, "కొడుకు పాయెనని నేనేడుస్తుంటె గీయిన ఈడ బడి పెట్టిండు! నీ ఇంగ్లీషు మీద మన్నువడ!"

కానీ నాన్న అడిగింది పాఠం కోసం కాదని నాకు తెలుసు, అన్ని రొట్టెలు ఊరికే తిన్నానా మరి. సామేలు హ్యాజ్ పిక్డ్ అప్ అంటే సామేలు తేరుకున్నాడు. నడుమ ఒక్క 'బీన్' పడిందంటే సామేలును పట్టుకుపోయారు. ఇంగ్లీషు వాడు ఆ రెంటి మధ్య ఆ పొట్టి మాట అడ్డం పెట్టుకున్నాడు. మన తెలుగులోకి వచ్చేసరికి రెండూ 'పికప్ అయిండు'. ఆ 'అయిండు' బీన్‌ను నమిలి మింగేసింది. నాన్న కింద కూర్చుని అమ్మకు అదే చెప్పాడు, "నడుమల ఒక్క మాట ఉంటె ఆళ్ళు తీస్కపోయినట్టు. లేకుంటె మంచిగైనట్టు. గందుకే అడుగుతున్న." అమ్మ ముక్కు చీది ఒక్క ప్రశ్న వేసింది. "మంచిగైండంటె, ముందుగాల ఏమైండని? పోయిన నెల నవ్వుకుంట బస్సెక్కె గద వాడు." అన్నకు ఏ రోగమూ లేదు, రోగం లేనివాడు తేరుకోవడం ఏమిటి? అంటే బీన్ ఉన్నట్టే. నురుగు నాన్న చెంప మీద ఎండి పొట్టు రేగుతోంది.

చాచా కళ్ళు మూసుకుని, కుడి చెవి మీద అరచెయ్యి పెట్టుకుని, ఫోనులో విన్నదాన్ని మళ్ళీ వినడానికి ప్రయత్నించాడు. చెమటలు కారిపోతున్నాయి. "సామ్యూల్... పికప్... డోంట్ వర్రీ. గంతే ఇనవడ్డది. నడుమల లైన్ గర్రుమన్నది. అల్లా కసమ్ మాస్టర్ సాబ్, గా బీన్ ఉన్నట్టే ఉన్నది... లేనట్టే ఉన్నది."

"డోంట్ వర్రీ అన్నడా?" నాన్న ముఖం ఇంకా పాలిపోయింది. "ఉత్తగనే ఎవరంటరు డోంట్ వర్రీ అని? వర్రీ అయ్యే ముచ్చట ఉంటెనే అంటరు."

అందరం చాచా దుకాణానికి పోయి ట్రంకు కాల్ బుక్ చేస్తే లైను చెడిపోయిందన్నారు, ఎప్పుడు బాగవుతుందో తెలియదన్నారు. నాన్న వెంటనే హైదరాబాదు బస్సు ఎక్కేశాడు. సగం గడ్డం గీసిన ముఖంతోనే ఎక్కాడు, అది ఆయనకు తెలుసో లేదో. బడికి ఇస్త్రీ మడత చెడకుండా పోయే మనిషి. బస్సులో అందరూ ఎలా చూసి ఉంటారోనని నాకు ఆ తర్వాత చాలా రోజులు దిగులుగా ఉండేది.

ఇంటికొచ్చి అమ్మ ముఖం కడుక్కుంది, తలుపు వేసింది, అన్న పుస్తకాల అర ముందు నిలబడింది. ఆళ్ళు ఇల్లు సోదా చేస్తారని, ఎర్ర పుస్తకాలు కనిపిస్తే అందరినీ తీసుకుపోతారని వీధిలో విని ఉంది. చదవడానికి తీరికెక్కడిది, రంగు చూసి పని మొదలుపెట్టింది. ఎర్ర అట్ట కనిపిస్తే చాలు, కాగు కిందికి. అన్న పాటల కాగితాలు పోయాయి. కాలేజీ లెక్కల పుస్తకం పోయింది, దాని అట్ట ఎరుపు. నాన్న ప్రాణంలాగా చూసుకునే ఇంగ్లీషు వ్యాకరణం పోయింది, దానిదీ ఎరుపే. "అమ్మా, అది నాన్నది!" అని నేను చెయ్యి పట్టుకుంటే, "ఆళ్ళకేమెరుక ఎవలదో," అని విదిలించుకుంది. చివరికి మిగిలింది కీర్తనల పుస్తకం. దాని అట్ట మరీ ఎరుపు. అమ్మ దాన్ని మంట దగ్గరికి తీసుకుపోయింది, వెనక్కి తెచ్చింది, మళ్ళీ తీసుకుపోయింది. ఆఖరుకు "క్షమించు తండ్రీ" అని అట్ట చించి మంటలో వేసి, పుస్తకాన్ని కొంగుతో తుడిచి బియ్యం డబ్బాలో దాచింది. ఆ రోజు కాగులో నీళ్ళు కుతకుతలాడాయి. వాటితో స్నానం చేసినవాళ్ళు లేరు.

ఎదురుచూడడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. అనుమానం వస్తే మళ్ళీ ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే ఇమ్రాన్‌లాగా విసుక్కుంటారు, రెండు నీలం గీతలు పడ్డాయా లేదా అని చూసుకుంటారు. అప్పుడు ఒక మాట చెవిన పడితే, దాని అర్థం తెలియడానికి మనిషి బస్సెక్కి పోయి, మళ్ళీ బస్సెక్కి రావాలి. అంతవరకు ఆ మాటతోనే ఒకే ఇంట్లో ఉండాలి. చాచా భార్య కిచిడీ పంపితే అమ్మ ముట్టలేదు. చాచా దుకాణంలో ఫోను పక్కనుంచి లేవలేదు, నమాజు కూడా అక్కడే మేకుల డబ్బాల మధ్య చాప వేసుకుని చేసుకున్నాడు. ఆ మనిషిది ఇందులో తప్పేముంది? అయినా ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎవరికి ఫోను వచ్చినా, చెప్పిన మాట మళ్ళీ చెప్పమని అవతలివాళ్ళ ప్రాణం తీసేవాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఒకటే ప్రార్థన చేశాను. యేసయ్యా, ఆ బీన్ తీసెయ్యి. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు. నాకు తెలిసి ప్రభువును వ్యాకరణం అడిగినదాన్ని ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే.

మర్నాడు సాయంత్రం వీధి చివర రిక్షా ఆగింది. ముందు నాన్న దిగాడు, తర్వాత నాన్న భుజం పట్టుకుని ఒక సన్నటి మనిషి. గడ్డం లేదు, జుట్టు పొట్టిగా కత్తిరించారు, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. అది అన్న అని గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది, అమ్మకు పట్టలేదు. చౌరస్తా నుంచి చాచా మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. "లేదా మాస్టర్ సాబ్? బీన్ లేదా?" అని వీధి మధ్యలో అరిచాడు. నాన్న రిక్షా పట్టుకుని నిలబడి, "లేదు ఖలీల్! బీన్ లేదు!" అన్నాడు. ఇద్దరూ కావలించుకుని నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. కూరగాయల బండివాడు బీన్స్ కోసమనుకుని తన దగ్గర చిక్కుడుకాయలు ఉన్నాయని చెప్పబోయాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ముఖం విప్పారుతుంది.

అన్నకు టైఫాయిడ్ వచ్చిందట. చాలా రోజులు ఒళ్ళు తెలియకుండా దవాఖానాలో పడి ఉన్నాడట. ఇంట్లో పరేషాన్ అవుతారని చెప్పొద్దన్నాడట, వార్డెను మాట మన్నించాడట. గండం గడిచాక, ఆ పెద్దమనిషి మంచి కబురు చెబుదామనే ఫోను చేశాడు, సామ్యూల్ హ్యాజ్ పిక్డ్ అప్, డోంట్ వర్రీ అని. అమ్మ జావ కాచి గరిటెతో చల్లార్చి తాగిస్తూ అన్నను తిడుతూనే ఉంది. "జరమొస్తె అమ్మకు చెప్పద్దా? నేనీడ సకినాలు చేసుకుంట కూసున్న. నువ్వాడ పాణం మీదికి తెచ్చుకున్నవు. ఎవలు చూసిండ్రురా నిన్ను?"

"మల్లేశం," అన్నాడు అన్న. "నా రూముల ఉంటడు. ఈపు మీదేసుకొని దవాఖానకు తీస్కపోయిండు. బట్టలు సుత ఆడే ఉతికిండు."

"ఏ ఊరోడు?"

"కౌడిపల్లి."

"గింత దగ్గరోడేనా! ఒక్కసారి తోలుకరా కొడుకా, కోడిని కోస్త. నా చేత్తోని తినిపిస్త ఆ పిలగానికి."

అన్న జావ గిన్నె పక్కకు జరిపాడు. జవాబు నాన్న చెప్పాడు. "వాన్ని ఆళ్ళు తీస్కపోయిండ్రు సంతోషమ్మా. సామేలుకు బత్తాయిలు తెస్తనని దవాఖాన గేటు దాటిండంట, గాడనే. ఏడ పెట్టిండ్రో ఎవలకు తెల్వది."

అమ్మ గరిటె కింద పెట్టింది. "వాళ్ళమ్మకెరుకేనా?"

"ఎట్లెరుకైతది? ఆ ఇంటికాడ ఫోను లేదు, ఏం లేదు."

"మీరొచ్చిన బస్సు కౌడిపల్లి మీదికెల్లే వస్తది గద."

"వస్తది."

"ఆగింది గద సారూ?"

నాన్న ఆ సగం గడ్డం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆగింది. సామేలు నిలవడలేకుంటుండె. నాకు కాళ్ళు రాలే," అన్నాడు. మర్నాడు పొద్దున అమ్మ తలలో నూనె పెట్టుకుని, ఉన్నవాట్లో మంచి చీర కట్టుకుని, నన్ను లెమ్మంది. బస్సు బోర్డు చదవడానికి నేను కావాలి ఆమెకు.

మల్లేశం ఆ చలికాలం దాటాక ఇంటికి వచ్చాడు. కుడి చెవి వినపడకుండా వచ్చాడు, గానీ వచ్చాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, విత్తనాల దుకాణం పెట్టాడు, అన్నా అతనూ ఇప్పటికీ కలిస్తే పాటలు ఎత్తుకుంటారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివేవాళ్ళు అతని కోసం బెంగపడాల్సిన పని లేదని. నా బెంగంతా ఆ పొద్దున ఏమీ తెలియక గుమ్మంలో కూర్చుని ఉన్న ఆ తల్లి గురించి. ఆమె పేరు లచ్చవ్వ. చుట్టూ మక్కకంకులు కుప్ప పోసుకుని గింజలు ఒలుస్తోంది. బస్సులో వచ్చినంతసేపూ అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎలా చెప్పాలో లోపల కూడగట్టుకుంటోంది. ఆ మాటలేమిటో వినబోయాను గానీ బస్సు చప్పుడులో ఏమీ వినపడలేదు.

సామేలు తల్లిని అనగానే లచ్చవ్వ ముఖం వెలిగిపోయింది. "సామేలు అమ్మవా! మావోడు వస్తె నీ కొడుకు ముచ్చటనే. కూసో అక్కా, గింత దూరం వస్తివి," అని కంకులు పక్కకు తోసి గోనెపట్టా దులిపి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాకు రెండు లేత కంకులు ఏరి ఒళ్ళో పెట్టింది. మల్లేశం ఈమధ్య ఇంటికి రాలేదని, పరీక్షలేమో అనుకుంటున్నానని, అక్కడి తిండి సరిగ్గా ఉంటుందో లేదోనని ఒకటే మాట్లాడింది. మా అమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నీళ్ళు తాగలేదు. నోరు తెరిచింది, "మీ మల్లేశం..." అంది, ఆగింది. మళ్ళీ "మీ మల్లేశం..." అంది. కూడగట్టుకుని వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి వీధి మాటే నోటికొచ్చింది.

"మీ మల్లేశం పికప్ అయిండు చెల్లె."

"అయిండా!" లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "వాళ్ళ బడి సార్లు గదే అంటుండిరి అక్కా. లెక్కలల్ల జర ఎనుకవడ్డడు, పికప్ అయితడు లచ్చవ్వా, పరేషాన్ గాకు అని. అయిండా నా కొడుకు? మంచిగ పాసయిండా? గీ మాట చెప్పనీకె గింత దూరమొచ్చినవా తల్లీ!"

అమ్మ చెంబు కింద పెట్టింది. గోనెపట్టా మీద కూర్చోలేదు, మంచి చీరతో మట్టిలో, ఆ కంకుల మధ్యనే కూర్చుంది. లచ్చవ్వ చేతిలో సగం ఒలిచిన కంకి ఉంటే దాన్ని మెల్లగా తీసి పక్కన పెట్టి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అంతవరకు నేను ఆమె నోట ఏనాడూ వినని మాట అప్పుడు విన్నాను.

"పోలీసులు పట్కపోయిండ్రు చెల్లె," అంది.

లచ్చవ్వ ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది.